సకియాసికి అప్పు పుట్టించడం

సకియాసి పడవ ఇంజను ఫిబ్రవరిలో పూర్తిగా పాడైంది. కొత్తది ఏడువేల డాలర్లు. తెడ్డు వేసుకుంటూ పగడపు దిబ్బ దాకా పోయి చేపలు పట్టేవాడికి ఏడాదికి ఎంత మిగులుతుందో లెక్క గట్టాను. ఇంజను కొనేసరికి అతనికి డెబ్బై రెండేళ్లు వస్తాయి. అందుకని నా కొట్టు నుంచే ఫిజీ రాజధాని సువాలోని ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేశాను.

మెరెసీని అనే గుమాస్తా కంప్యూటర్లో వెతికి, అతని పేర ఒక్క బాకీ కూడా లేదంది. నలభై ఆరేళ్లలో ఎవరికీ సెంటు బాకీ పడలేదమ్మా అని గొప్పగా చెప్పాను. చిక్కంతా అక్కడే ఉందంది.

"ఎప్పుడూ అప్పు చేయనివాడు తీరుస్తాడని ఎలా నమ్మమంటారు? ముందు చిన్న వస్తువేదైనా మా వాయిదాల మీద ఇప్పించండి. ఆరు నెలలు తేదీ తప్పకుండా కడితే ఇంజను సంగతి చూద్దాం."

నా కొట్లో సోలార్ దీపాల సెట్టు నాలుగు వందల ఎనభై. సకియాసి పేర నెలకు ఎనభై చొప్పున రాయించాను.

నాలుగో రోజు ఊరంతా కొట్టు ముందు నిలబడింది. మా కందావు దీవిలో ఒకడు పట్నానికి బాకీ పడితే ఊరందరికీ తలవంపులు. చాప పరిచి, ఇంటింటికీ చందా పోగుచేసి, మొత్తం బిస్కెట్ డబ్బాలో పోసి తెచ్చారు. వచ్చిన డబ్బు వద్దనడం నాకు చేతకాదు. నెల తిరక్కుండా తీరిన బాకీని చరిత్రగా లెక్కపెట్టరని మెరెసీని చెప్పింది. ఇంకో సెట్టు ఇచ్చాను. దాన్ని మూడు రోజుల్లో తీర్చేశారు. నాకు రెండు సెట్ల లాభం మిగిలింది. సకియాసి పందుల దొడ్డిలో కూడా దీపాలు వెలిగాయి. ఇంజను మాత్రం లేదు.

మూడో సెట్టు ఇచ్చిన రోజే ఇక్కడ మాట తీసుకునేటప్పుడు అందరూ నూరి తాగే కావా వేరు అరకిలో పట్టుకుని ఊరి పెద్ద ఎమోసి ముందు కూర్చున్నాను.

"మావాడు మునిగిపోతుంటే ఒడ్డున కూర్చుని చూడమంటావా షావుకారూ?" అన్నాడు.

"ఆరు నెలలు చూడండి పెద్దాయనా. మునగడు."

కావా పోసిన కొబ్బరి చిప్ప అందుకున్నాడు. ఆరు నెలలు ఎవరూ సకియాసికి సెంటు ఇవ్వకూడదని అందరూ తాగి మాటిచ్చారు. నేనూ తాగాను.

ఐదు వాయిదాలు సాఫీగా నడిచాయి. ఆరో నెలలో పది రోజులు గాలి ఆగలేదు, పడవ కదల్లేదు. శుక్రవారం గడువు. సకియాసి చేతిలో పదకొండు డాలర్లు. తప్పితే ఐదు నెలల కష్టం గంగపాలు. ఊళ్లో అందరి దగ్గరా డబ్బుంది, ఇవ్వడానికి చేతులు కట్టేసి ఉన్నాయి.

గురువారం అతని ఇంటికి వెళ్లి, పాడైన ఇంజను ఎంతకిస్తావని అడిగాను. ఊరికే తీసుకుపొమ్మన్నాడు. ఊరికే తీసుకునేది వ్యాపారం కాదని ముప్పై చేతిలో పెట్టాను.

పక్కింటి ముసలమ్మ లవేనియా ఇదంతా చూసింది. కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఒరే, ఆ కోడి ఎంత?"

"ఐదు, అత్తా."

"ఐదా? నన్ను మోసం చేద్దామనా? ఇరవైకి తగ్గితే కొనను."

"నీకు దణ్ణం పెడతా అత్తా, పదికి తీసుకో."

"ఇరవై అన్నాను, ఇరవయ్యే."

కాసేపట్లో వరస కట్టారు. కొనేవాళ్లు ధర పెంచడం, అమ్మేవాడు చెమటలు కక్కుతూ తగ్గించడం ముప్పై ఏళ్ల వ్యాపారంలో అప్పుడే చూశాను. సకియాసి విరిగిన తెడ్డుకి ఎమోసి పాతిక ఇస్తానన్నాడు. నేను అడ్డుపడ్డాను. చేతిలో ఉన్న పదకొండుతో కలిపి అరవై ఒకటి అయింది, ఇంకా కావలసింది పంతొమ్మిది. ఆపైన ఒక్క డాలరున్నా అది సాయం కిందికి వస్తుంది, ఇచ్చిన మాట తప్పినట్టే.

"ముసలిదాని కోడికి ఇరవై, నా తెడ్డుకి పంతొమ్మిదా?" అని ఎమోసి నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే కట్టించాను. సకియాసి నమ్మదగినవాడని సోమవారం మెరెసీని ఫోన్ చేసింది. తర్వాతి ఓడలో ఇంజను వచ్చింది. అతను దాన్ని బిగించి, పగడపు దిబ్బ దాటి కనుమరుగయ్యాడు.

ఒడ్డున ఎమోసి నా పక్కన నిలబడి, ఇది ఎన్నేళ్ల బాకీ అని అడిగాడు. మూడేళ్లన్నాను.

"ఈసారి కావా వేరు పట్టుకుని రాకు షావుకారూ," అన్నాడు. "మేం తాగం."