వంజరం రేటు

మా అల్లుడు టైటస్ బండి మీద చేపలమ్ముతాడు. రెండేళ్ల కిందట మా అమ్మాయి అబిగయీలుతో మాటామాటా పెరిగి వేరుగా ఉంటున్నాడు. మనవరాలు మెర్లిన్ ఖర్చుకని ప్రతి శనివారం జువ్వలదిన్నె నుంచి మా బిట్రగుంటకు చేపల సంచీ తెస్తాడు. డబ్బు మాత్రం గుర్తొచ్చినప్పుడు తెస్తాడు.

నాకు ఆ సంచీ చాలు. దాంతోపాటు మనిషి గడప దాకా వస్తాడు, పిల్లను ఎత్తుకుంటాడు, నేను పెట్టింది తింటాడు.

అబిగయీలుకు చాలలేదు. "ఇస్కూలు ఫీజుకు చేప తల పంపించేదా మా? ఎండాకాలం వేట ఆపేస్తే మెర్లిన్ గూడా నోరు కట్టుకోవాల్నా?" అంటూ కావలిలో లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టింది.

దాని మాట న్యాయమే. కానీ డబ్బు బ్యాంకులో పడితే మనిషి రానక్కర్లేదు. ఆ భయంతో నేనూ వెంట వెళ్లాను.

టైటస్ ఐసు పెట్టెతో సహా వచ్చాడు. ఐసు కరిగి నీళ్లు, రాజీ కుదిర్చే లాయరమ్మ నవోమి గారి చెప్పుల కిందకు చేరాయి. ఆవిడ కాళ్లు పైకి పెట్టుకునే అడిగారు.

"ఇంతవరకు నెలకు ఎంత ఇస్తున్నారు?"

"డబ్బేందమ్మా! వారానికి రెండు కేజీల చేప ఇస్తుండా."

"పొట్ట పగిలిన చవక కానాగంతలు," అంది అబిగయీలు. "మా పిల్లి గూడా మూతి తిప్పుకునింది."

టైటస్ తనను తిట్టినా ఓర్చుకుంటాడు గానీ, తన చేపను అంటే ఓర్చుకోడు.

"కానాగంతలా? ప్రతివారం వంజరమే తెచ్చినా!"

"ఆ వంజరం కేజీ మూడొందలుంటదేమో," అంది అబిగయీలు.

"మూడొందలా! తొమ్మిదొందలకు తక్కువైతే నేను కత్తి గూడా ఎత్తను!"

నవోమి గారు రాసుకున్నారు. "నెలకు ఎనిమిది కేజీలు. ఏడు వేల రెండు వందలు. ఇకమీదట ప్రతి నెలా అయిదో తేదీకి ఆ మొత్తం పాప తల్లి ఖాతాలో వెయ్యండి."

టైటస్ ఐసు పెట్టె మూత తీసి, చేపను చూసి, మళ్లీ మూశాడు.

"ఎక్కువనుకుంటే చెప్పబ్బా," అంది అబిగయీలు మెత్తగా. "కానాగంతలని రాయిద్దాం."

అతను సంతకం పెట్టాడు. బయట బండెక్కి, "పోతుండా అత్తా," అన్నాడు.

మా ఇంట్లో ఎవరైనా 'పోయొస్తా' అనాలి. మా ఆయన ఒక్కసారి 'పోతుండా' అని రైలెక్కాడు. ఇప్పటికీ స్టేషనులో రైలు కూస్తే నేను గడప వైపు చూస్తాను.

అయిదో తేదీకి డబ్బు పడింది. ఫోను చూసుకుని అబిగయీలు నవ్వింది. నాకు అన్నం సహించలేదు. శనివారం చింతపండు నానబెట్టాను.

"ఎవురికి మా?"

"చారుకు," అన్నాను. చారుకు అంత చింతపండు ఎవరూ నానబెట్టరు.

మధ్యాహ్నం హారన్ మోగింది. మెర్లిన్ పరుగెత్తింది. టైటస్ పిల్లను చంకనేసుకుని పెట్టె మూత తీశాడు.

"ఊరికే ఇచ్చేదానికి రాలేదత్తా. అమ్మేదానికి వచ్చినా."

అబిగయీలు చేతులు తుడుచుకుంటూ వచ్చి మొప్ప ఎత్తి చూసింది. "కేజీ ఎంత?"

"కోర్టులో రాసిన రేటే."

"మెత్తబడింది. ఆరొందలు."

"మెత్తబడిందా? దాని కళ్లు చూసి మాట్లాడు!"

బేరం తెగలేదు. పిల్ల ఎండలో మాడుతోందని నేనే అందరినీ లోపలికి తోలాను. చేప పులుసులో ఉడికింది, అందరం తిన్నాం, రేటు మాత్రం తేలలేదు.

టైటస్ చెయ్యి కడుక్కుని బండి తీశాడు.

"వచ్చే శనివారం తేల్చుకుందాం మే," అన్నాడు అబిగయీలుతో. తర్వాత నా వైపు తిరిగాడు. "పోయొస్తా అత్తా."