అర నిమిషం పరీక్ష

అన్న కిడ్నీ జబ్బుతో పోయినప్పటినుంచి కంచిలి కొబ్బరిరైతు వైకుంఠరావుకు రక్తపరీక్ష అంటేనే వణుకు. ఆ ఉదయం నర్సు ఝాన్సీలక్ష్మి సెల్‌ఫోనంత మిషన్‌తో ఇంటికే వచ్చింది. దానికి తగిలించిన పట్టీ మీద ఒక్క చుక్క రక్తం వేస్తే, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంతో అర నిమిషంలో చెబుతుందట.

"ముందు మా ఆడమనిషికి సెయ్యమ్మా," అంటూ భార్య దేవిని ముందుకు తోశాడు.

దేవి నవ్వుతూ వేలు చాపింది. అంకె చూడగానే నర్సు మొహం మారిపోయింది.

"ఎంతొచ్చిందమ్మా?" అడిగాడు వైకుంఠరావు.

"ఒకటి దగ్గరుండాల్సింది మూడు దాటింది బాబూ. పలాస ఆసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడ మళ్లీ సూత్తారు."

"నాకేటీ నొప్పి లేదు కదా!" అంది దేవి.

వైకుంఠరావు ఇన్నాళ్లూ తన గురించే భయపడ్డాడు గానీ ఆమెకు ఆ జబ్బు వస్తుందని ఒక్కనాడూ అనుకోలేదు.

"లెగు, ఇప్పుడే ఎల్దాం," అంటూ చెప్పులైనా వేసుకోకుండా ఆటో కోసం పరుగెత్తాడు.