సంపూర్ణమ్మ చాప

ఆ ఇంట్లో పోట్లాడే పని సంపూర్ణమ్మది. పాలవాడు నీళ్ళు కలిపినా, ఇంటి ఓనరు బావిలో పూడిక తీయించకపోయినా, రిక్షా అతను మలుపు దగ్గరే దించేసి పొమ్మన్నా కొంగు బిగించి ముందుకు వెళ్ళేది ఆవిడే. వెనకాల నిలబడి, గొడవ సద్దుమణిగాక "ఏమీ అనుకోకండి" అని చెప్పి రావడం ఆవిడ భర్త ఏసుపాదం పని. ఆయన బందరులో బి.ఎ. చదివి, బెజవాడలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. యుద్ధాలన్నీ ఆయనకు పుస్తకాల్లోనే తెలుసు.

అలాంటి మనిషి నెత్తిన ఆవిడ పోతూ పోతూ ఒక పోట్లాట పెట్టి పోయింది.

దానికి మూలం కిందటేడు వానల్లో ఉంది. అప్పుడు సంపూర్ణమ్మ తల్లి పోయింది. సంపూర్ణమ్మ అన్న శౌరయ్య వడ్రంగి మేస్త్రీ. పటమటలో కొత్తగా లేచిన మేడల్లో సగం తలుపులు ఆయన చేతివే. తల్లికి తనే టేకు పెట్టె చేశాడు. చెక్కకీ చెక్కకీ మధ్య గోరు కూడా దూరదు. ఆ పనితనమే కొంప ముంచింది. వాళ్ళ సమాధుల తోట కాలవ గట్టుకి దిగువన ఉంది. వానాకాలం అక్కడ కాస్త తవ్వితే చాలు, ఊట. గోతిలోకి దించిన పెట్టె చుక్క నీరు కూడా లోపలికి రానివ్వకుండా పడవలా తేలింది. నలుగురు గడకర్రలు తెచ్చి మూలమూలా అదిమి పట్టుకుంటే, మిగతావాళ్ళు రాళ్ళూ మట్టీ పోశారు. లోపల ముసలావిడ ఇటొకసారి, అటొకసారి ఒరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. శౌరయ్య తల ఎత్తలేదు.

ఇంటికి వచ్చి స్నానం చేసి, తడి జుట్టు విదుల్చుకుంటూ సంపూర్ణమ్మ అంది. "నాకు మాత్రం పెట్టె వద్దు."

"ఇప్పుడెందుకా మాట?"

"ఇప్పుడే అనుకోవాలి. మట్టిలో కలిసిపోతావని ఏటేటా విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద పూసి మరీ చెబుతారు గదా ఫాదర్ గారు. తలుపేసుకుని లోపల పడుకుంటే మట్టి ఎట్టా వస్తుంది నా దగ్గరికి? నన్ను తుంగచాపలో చుట్టండి. నా దారిన నేను కలిసిపోతాను."

ఈ ఏడు వేసవిలో ఆవిడకి గుండె జబ్బు అని తేలింది. పాదాలు వాచేవి. ఒకరోజు చాపలమ్మే మనిషి కేక వినబడితే వాకిట్లోకి పిలిచి, బేరమాడి కొత్త తుంగచాప కొంది. ఆ వారమే శౌరయ్య చూడటానికి వస్తే ఆయనకి అదే పరిచింది.

"చాప బాగుందే," అన్నాడు శౌరయ్య, చేత్తో నిమిరి.

"బాగుందా అన్నయ్యా? నాకోసమే కొనుక్కున్నాలే."

శౌరయ్య దాని మీద మఠం వేసుకుని కోడికూరతో అన్నం తిని వెళ్ళాడు. పక్కన కూర్చున్న ఏసుపాదానికి ముద్ద దిగలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ ఆయనకి పాఠం మొదలుపెట్టింది. "మీరు మా అన్నయ్యతో పోట్లాడలేరు. ఎమర్జెన్సీ పోయింది గానీ మా అన్నయ్య ఎక్కడికీ పోలేదు. ఇప్పట్నించే నేర్చుకోండి. నేనే అన్నయ్యని అనుకోండి." గొంతు లావు చేసి, "బావా, పెట్టె తెచ్చా. ఎత్తండి," అంది.

"అది కాదు బావా, మరి సంపూర్ణ ఏమందంటే..."

"సంపూర్ణ పోయింది. పెట్టె ఎత్తండి."

"సరేలే, నువ్వంతగా అంటున్నావు గనక..."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "చచ్చినదాన్ని మళ్ళీ లేచొచ్చి నేనే పోట్లాడాలా ఏంటి?"

ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఆవిడకి ఆయాసం వచ్చేది. అయినా రోజూ పాఠం జరిగింది. ఒకరోజు ఆయన కళ్ళు దించకుండా "పెట్టె వద్దు బావా" అనగలిగితే, ఆవిడ లేచి వెళ్ళి, వద్దంటున్నా వినకుండా, తనే కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది.

ఆగస్టులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆయన భుజానికి ఆనుకుని మజ్జిగ తాగుతూ తాగుతూ పోయింది. గ్లాసు ఒలకలేదు. ఆమాత్రం కనికరానికి కూడా ఏసుపాదం మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

ఇబ్రహీంపట్నం నుంచి ఆవిడ చెల్లెలు మార్త వచ్చింది. సోమవారం పొద్దున్నే అక్కకి స్నానం చేయించి, ఆకుపచ్చ అంచు తెల్లచీర కట్టింది. తలుపు మూలనున్న చాప తెచ్చి పక్కన పరిచింది. అప్పుడు వీధిలో తోపుడుబండి ఆగింది. బండి మీద పట్టా కప్పిన టేకు పెట్టె. పక్కన శౌరయ్య. ఆయన కనుబొమల మీద రంపపు పొట్టు ఇంకా అలాగే ఉంది.

"ఈసారి అడుగున బెజ్జాలు వేశా బావా," అన్నాడు, ముందు అదే చెప్పాలన్నట్టు. "నీళ్ళు వాటంతటవే ఎక్కుతాయి. తేలదు. సంపూర్ణకి ఆ అవస్థ ఉండదు."

ఆ పొట్టు చూస్తే, రాత్రంతా పని చేసి తెచ్చాడని ఏసుపాదానికి తెలిసిపోయింది. అయినా నేర్చుకున్న మాట నేర్చుకున్నట్టే పైకి వచ్చింది.

"పెట్టె వద్దు బావా."

"ఏంటీ?"

"చాపలో చుట్టమంది. ముందే కొనిపెట్టుకుంది. నువ్వు చూశావు కూడా."

శౌరయ్య గుమ్మంలోంచి లోపలికి చూశాడు. "నేను కూర్చుని అన్నం తిన్న చాపా?"

"అదే."

వాకిట్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. శౌరయ్య అటు తిరగలేదు. బండి చక్రం మీద చెయ్యి వేసి, అరుస్తాడనుకుంటే, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మా నాయన పోయినప్పటికి నీకు మేం ఎవరిమో తెలవదు. సంపూర్ణ చంకలో పిల్ల, మార్త ఇంకా అమ్మ కడుపులోనే. పెట్టెకి గతి లేక చాపలో చుట్టి మోసుకుపోతన్నారు. అరుగుల మీద పెద్దమనుషులు కండువాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. చాప చాల్లేదు బావా. నాయన కాళ్ళు బయటికి కనపడతన్నాయి. నేను వాటిని చేతుల్తో కప్పుకుంటా నడిచా. నా ఇంట్లో ఇంకెవర్నీ చాపలో పంపనని ఆ రోజే అనుకున్నా. నేను ఉలి పట్టింది అందుకు."

ఇది సంపూర్ణమ్మ నేర్పిన పాఠంలో లేదు. బహుశా ఈ సంగతి ఆవిడకే తెలియదు. ఏసుపాదానికి "సరే బావా" అన్న మాట పెదవుల దాకా వచ్చింది. ఆ మాట అంటే అందరికీ సుఖం. అన్నీ సజావుగా జరిగిపోతాయి. లోపల మార్త అక్క జుట్టు చిక్కు తీస్తోంది, నొప్పి పుడుతుందేమో అన్నట్టు, కుదుళ్ళ దగ్గర పట్టుకుని మెల్లగా. ఆయన దాన్ని కాసేపు చూశాడు.

"అప్పుడు పెట్టె లేక చాప బావా," అన్నాడు. "ఇప్పుడు పెట్టె ఉండి చాప. రెండూ ఒకటి కాదు. మీ నాయనకి ఏం కావాలో ఎవరూ అడగలేదు. నీ చెల్లెలు తనకేం కావాలో నోరు తెరిచి చెప్పింది."

"చూసేవాళ్ళకి తేడా ఏం తెలుస్తుంది? గతిలేనోళ్ళు అనుకుంటారు."

"అనుకోనీ."

అప్పుడే ఫాదర్ గారు సైకిలు దిగారు. శౌరయ్య ఎదురెళ్ళి సంగతంతా చెప్పాడు. ఆయన ఇద్దరి ముఖాలూ చూసి, ఎటూ తేల్చకుండా, "మనలో ఇప్పుడు ఆ అలవాటు లేదు కదా ఏసుపాదం గారూ," అన్నారు.

"మనకి చాపే ముందండీ. పెట్టె తర్వాత అలవాటయింది. తప్పయితే తప్పని చెప్పండి. అప్పుడు కూడా చాపలోనే తీసుకెళ్తాను. కానీ మీరు రాకపోతే ఆవిడ నొచ్చుకుంటుంది."

ఫాదర్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "తప్పని నేననలేదు. వాన వచ్చేలాగుంది, కానివ్వండి."

"అయితే నేను మట్టి వెయ్యను," అన్నాడు శౌరయ్య. అన్న మట్టి వెయ్యకపోవడం అంటే మాటలు కాదు. వాకిట్లో వాళ్ళంతా ఏసుపాదం వైపు తిరిగారు.

"వెయ్యకు బావా," అన్నాడు ఏసుపాదం. అలా అన్నది తనేనా అని ఆయనకే అనిపించింది.

సంపూర్ణమ్మని చాపలో చుట్టి, కొబ్బరితాడుతో మూడుచోట్ల కట్టి, నులకమంచం మీద గుడికి మోసుకెళ్ళారు. చాప చాలింది. ఆవిడ పాదాలు దాటి ఇంకా జానెడు మిగిలింది. బజార్లో కొందరు ఆగి చూశారు. కిళ్ళీకొట్టు దగ్గర ఒకతను, "పెట్టె కూడా లేదా పాపం, మేస్టారు గారికి?" అని పక్కవాడితో అన్నాడు. ఏసుపాదం ఆగి, "ఉందండీ. ఇంట్లో ఉంది. ఆవిడే వద్దంది," అని చెప్పి మళ్ళీ నడిచాడు.

పూజ అయ్యాక తోటకి చేరేసరికి గొయ్యి సిద్ధంగా ఉంది. గోతులు తవ్వే జక్కయ్య బకెట్టుతో నీళ్ళు తోడిపోస్తున్నాడు. తోడినకొద్దీ ఊరుతున్నాయి.

"పెట్టెకైతే తాళ్ళు వేసి దింపేవాళ్ళమండీ," అన్నాడు జక్కయ్య. "చాప గదా. ఎవరో ఒకళ్ళు దిగి చేతుల్తో అందుకోవాల."

ఎవరు దిగాలా అని ఒకరినొకరు చూసుకుంటూ ఉండగానే ఏసుపాదం చెప్పులు విడిచి, పంచె ఎగగట్టాడు.

"మీరొద్దండీ, మీ వయసులో..." అన్నారెవరో.

"మరి ఎవరు?" అని ఆయన దిగాడు.

నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. అడుగున బురద పాదాలని మెత్తగా పట్టుకుంది. నాలుగు వైపులా నల్లటి ఒండ్రు, అందులో తెల్లటి గడ్డి వేళ్ళు, ఒకచోట నత్త. పైనుంచి చాపని వంచి అందించారు. ఈ రెండు నెలలూ మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తిన చేతులకి ఆ బరువు కొత్త కాదు. ముందు తలవైపు, తర్వాత నడుము, తర్వాత పాదాలు దించాడు. ఆ చివరా ఈ చివరా అరచేతులు ఆనించి ఉంచాడు. చాప అల్లికలోంచి నీళ్ళు మెల్లగా లోపలికి వెళ్ళాయి. పచ్చటి తుంగ ముదురు రంగుకి తిరిగింది. గట్టు మీద అందరూ మెడలు చాచి చూశారు. చాప కదల్లేదు. చేతులు తీశాడు. అప్పుడూ కదల్లేదు. పక్క గోడలోంచి గుప్పెడు మట్టి లాగి, మొదటి మట్టి తనే లోపల్నుంచి వేశాడు.

ఎక్కబోతే కాలు జారింది. మళ్ళీ జారింది. పైనుంచి చాలా చేతులు వచ్చాయి. వాటిని తోసుకుంటూ ఒక చెయ్యి వచ్చింది, కాయలు కాసి, బొటనవేలి గోరు నల్లబడ్డది. శౌరయ్యది. ఆయన మంచం వెనకాలే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడని ఏసుపాదానికి తెలియదు.

"పట్టుకో," అన్నాడు శౌరయ్య. "నువ్వు కూడా అక్కడే ఉండిపోతావా ఏంటి?"

పైకి వచ్చాక, బురద కాళ్ళతో, ఏసుపాదం అడిగాడు. "మట్టి వేస్తావా బావా?"

"వెయ్యనన్నాగా."

"సరే."

జక్కయ్య దగ్గర పార తీసుకుని ఏసుపాదం తనే పూడ్చడం మొదలుపెట్టాడు. గొయ్యి నిండి మట్టి నేలకన్నా పైకి లేచేదాకా ఆపలేదు. శౌరయ్య చేతులు కట్టుకుని పక్కనే ఉన్నాడు గానీ, మట్టి ముట్టలేదు, వెళ్ళిపోలేదు. జనం ఒక్కొక్కరే కదిలారు. గుడి పెద్ద ఒకాయన దగ్గరకొచ్చి, "సిమెంటు పర్మిట్టుకి నేను చెబుతాలెండి. నవంబరులో ఆత్మల పండక్కి సమాధి కట్టించేద్దురు గాని, పలకరాయి వేసి," అన్నాడు.

"కట్టించనండీ," అన్నాడు ఏసుపాదం. "గడ్డి మొలవాలి."

గుడి పెద్ద తెల్లబోయి శౌరయ్య వైపు చూశాడు. శౌరయ్య ఏసుపాదానికి దగ్గరగా జరిగాడు.

"అది కూడా చెప్పి పోయిందా?"

"లేదు బావా," అన్నాడు ఏసుపాదం, పార నేల మీద ఆనించి. "ఇది నేను చెబుతున్నాను."