సైకిలు పిల్లకు వేసిన దండ

పోతురాజు పాత పేపరు తడిపి ఫొటోల అద్దాలు తుడుస్తున్నాడు. గడ్డం తాతగారి అద్దం అయింది. పెళ్లికూతురి అద్దం అయింది. పుచ్చకాయ ముక్క కొరుకుతూ మూతంతా తడుపుకున్న బొద్దు కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఆగి, "తిను తిను, నిన్నెవరూ చూట్టం లేదులే" అన్నాడు.

సన్నటి మనిషి. నెరిసిన మీసం, ఖాకీ చొక్కా, జేబులో ఎప్పుడూ రెండు మేకులు. బందరులో ఈ కాలేజీ సెమినార్ హాల్లో ఏ మీటింగు జరిగినా గోడలకు మేకులు కొట్టేదీ, అయ్యాక పీకేదీ అటెండరు పోతురాజే. లోపల ఎవరేం మాట్లాడారో అతనికి పట్టేది కాదు. ఊరూరా తిరుగుతూ ప్రదర్శనకు వచ్చిన ఈ ఫొటోలు మాత్రం అతన్ని కట్టిపడేశాయి.

మొదటి రోజు హిస్టరీ మేడం స్వర్ణలత పిల్లలకు చెబుతుంటే విన్నాడు. యూరప్‌లో యుద్ధానికి ముందు యూదుల కుటుంబాలు సరదాగా తీయించుకున్న ఫొటోలట. తర్వాత నాజీలు వాళ్లను ఊళ్లకు ఊళ్లే చంపేశారట. అంతవరకు విని, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేశాడు. మిగతాది వినలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయినవాళ్ల ఫొటోలు అలా బోసిగా ఉండటం అతనికి నచ్చలేదు. చివరి రోజైనా పద్ధతిగా ఉండాలని నిన్న సాయంత్రం బుట్టెడు చామంతులు ఇంటికి మోసుకెళ్లాడు. భార్య వీరదుర్గ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఎవరు పోయారయ్యా?"

"చాలామందిలే. ముందు దారం అందుకో."

తుడవటం అయ్యాక ఒక్కొక్క ఫొటోకూ దండ వేశాడు. సైకిలెక్కి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న రెండు జడల పిల్లంటే అతనికి మహా ముద్దు. అన్నిటికన్నా ఒత్తుగా కట్టిన దండ ఆ పిల్లకు వేశాడు.

స్వర్ణలత వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎంత మంచిపని చేశారు బాబాయ్" అంది. అంతలో సైకిలు పిల్లను చూసి, "అయ్యయ్యో, ఈవిడకెందుకు వేశారు? ఈవిడ బతికే ఉంది! పక్కింటివాళ్లు అటక మీద దాచి కాపాడారు. ఈ ఫొటో ఇచ్చింది కూడా ఆవిడే" అంది.

బతికున్న మనిషి ఫొటోకు దండా! పోతురాజు ఒక్క ఉదుటున తీసేశాడు. కాంటీనుకు పరుగెత్తి గుప్పెడు ఉప్పు తెచ్చి ఫొటో చుట్టూ తిప్పాడు.

"నువ్వు నూరేళ్లు బతకాలి తల్లీ. తప్పు నాది, నీది కాదు."

"మీరు ఉప్పు తిప్పండి, నేను చర్చిలో ప్రార్థన చేస్తాను. రెండు వైపులా గట్టి చేద్దాం" అని స్వర్ణలత నవ్వేసింది.

అతను నవ్వలేదు. "ఎలా ఉందో ఒక్కసారి కనుక్కోమ్మా. ఆవిడకేమన్నా అయితే నాకు అన్నం సయించదు."

ఆమె ప్రదర్శనవాళ్లకు మెసేజ్ పెట్టింది. పోతురాజు మధ్యాహ్నం క్యారేజీ మూతైనా తియ్యలేదు. దండలు చూసి, వచ్చిన పిల్లలు ఎవరూ చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తున్నా అతని మనసు మనసులో లేదు.

ఎండ వాలాక ఫోను చూసి స్వర్ణలత గట్టిగా చదివింది. ఆవిడ నిక్షేపంగా ఉంది. కాఫీ చల్లారిందని మునిమనవరాలి మీద కేకలేస్తోంది.

"కేకలేస్తోందా? అయితే ఫర్లేదు!" పోతురాజు అక్కడే చతికిలబడి, క్యారేజీ విప్పి, చల్లారిన పులుసన్నం ఆవురావురుమంటూ తిన్నాడు.

సాయంత్రం ఫొటోలు సర్దిన పెట్టెలతో వ్యాను గుడివాడ వెళ్లిపోయింది. పోతురాజు వాడిన దండలను కాలవలో కలపటానికి సంచిలో వేశాడు. సైకిలు పిల్లది ఒక్కటీ పొద్దున అతను చుట్టిపెట్టిన తడిగుడ్డలో తాజాగా ఉంది.

"ఇది ఇంటికి తీసుకెళ్లండి బాబాయ్. మీ పెద్దవాళ్ల ఫొటోకు వేసుకోవచ్చు" అంది స్వర్ణలత.

"ఫొటో ఏదమ్మా? అవనిగడ్డలో అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కటంటే ఒక్కటి తీయించింది. దివిసీమ ఉప్పెనలో అమ్మతోపాటే పోయింది. ఎంత తలుచుకున్నా ఆవిడ మొహం గుర్తు రాదు. చీర రంగొక్కటే గుర్తు."

ఆమె అతని భుజం తట్టి వెళ్లింది. పోతురాజు మేకులన్నీ పీకాడు. చివరిదాని దగ్గర చెయ్యి ఆగింది. తడిగుడ్డ విప్పి, రేకులు సర్ది, లైటు ఆర్పి, తలుపుకు తాళం వేశాడు.

ఖాళీ గోడ మీద ఒకే ఒక్క మేకు, దానికి ఒత్తయిన చామంతి దండ.