దెబ్బకు ముందు

ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి నా దగ్గర ఉన్నవి రెండే. ఒక కుట్టుమిషను, తాకగానే బట్ట గుణం పసిగట్టే వేళ్లు. ఆ రెంటితోనే ముందుగదిలో కట్‌పీసుల దుకాణం పెట్టాను. పంతొమ్మిదేళ్లయింది. గల్లా దగ్గర కూర్చునేది ఆయన. తానులు దించడం, కొలవడం, కత్తిరించడం, మళ్లీ మడతపెట్టడం నా పని. మధ్యలో లోపలికి పరుగెత్తి పొయ్యి మీద ఏముందో చూసుకోవడమూ నా పనే.

కొన్నవాళ్లు అప్పుడప్పుడు ముక్క వెనక్కి తెస్తారు. "ఒక్క ఉతుక్కే ఇలా అయింది" అంటారు. వెలుతురుకు ఎత్తి చూస్తాను. నేతలో లోపమైతే పోగు పొడవునా కనిపిస్తుంది, మారు ముక్క ఇస్తాను. తర్వాత పడ్డదైతే ఆ ఒక్కచోటే ఉంటుంది, నవ్వి సాగనంపుతాను.

పోయిన ఏడాది ఆయన నిచ్చెన మీంచి పడ్డారు. నుదురు నేలకు కొట్టుకుంది. లేచి తిరుగుతున్నారు గానీ నోటికి అదుపు లేదు. మొన్న నేనూ ఆడపడుచూ మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆయన్ని బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది.

"మెదడులో ఈ ముందు భాగం బ్రేకు లాంటిదమ్మా. నోటిదాకా వచ్చిన మాటని ఆపేది ఇదే. దెబ్బ దీనికే తగిలింది. అప్పటికీ ఇప్పటికీ ఏం తేడా వచ్చిందో చెప్పండి, రాసుకుంటాను."

ఆడపడుచు అందుకుంది. "మా అన్నయ్య బంగారమండీ. ఒకరిని పల్లెత్తు మాట అని ఎరగడు. అలాంటిది మొన్న నన్ను పట్టుకుని, తిండికి తప్ప దేనికీ పనికిరావు అన్నాడు." కళ్లొత్తుకుని నా వైపు తిరిగింది. "ఇక ఆ దుకాణం మూసెయ్ వదినా. పక్కనే ఉండి చూసుకో. ఏమన్నా మనసులో పెట్టుకోకు. ఆ మాటలు అన్నయ్యవి కావు, దెబ్బవి."

తిండికి తప్ప. నాకది పెళ్లయిన మూడోవారం తగిలింది, చొక్కా కాలరు ఇస్త్రీపెట్టెతో కాల్చినందుకు. ఆ తర్వాత లెక్కలేనన్నిసార్లు. కొనేవాళ్లు ఉన్నంతసేపూ "ఆ నీలం తాను ఒకసారి చూపించవోయ్" అని ఎంత మెత్తగా అనేవారో. వాళ్ల చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటాక, "నీ మొహానికి రంగులు ఎంచడమొకటి." విన్నది నేనొక్కదాన్నే. చెబితే నమ్మేవాళ్లు లేక చెప్పడం మానేశాను. కొన్నాళ్లకు నా మీద నాకే అనుమానం. "వాడి కోపం వాడి చేతిలో ఉండదమ్మా, పుట్టుకతో వచ్చింది" అని అత్తయ్య సర్దిచెబితే, పాపం కాబోలు అనుకున్నాను. నేనే ఇంకాస్త జాగ్రత్తగా ఉంటే సరిపోయేదేమో అని పడుకోబోయే ముందు రోజంతా తిరగేసుకునేదాన్ని.

చేతిలో ఉండకపోవడమేమిటి? కొనేవాళ్లు మలుపు తిరిగేదాకా ఆగిన మాట, చెల్లెలి దగ్గర ఏనాడూ జారని మాట. ఎంత చక్కగా ఆగేది.

"మీరు చెప్పండమ్మా, ఏం తేడా?" అంది డాక్టరమ్మ.

"నాకేం తేడా లేదండీ. నన్ను ముందూ ఇవే అనేవారు. ఇప్పుడు అందరినీ అంటున్నారు."

రాస్తున్న పెన్ను ఆగింది. ఆడపడుచు మొహం ఎర్రబడింది. "అదేంటొదినా, ఎప్పుడూ చెప్పలేదే?"

"రెండుసార్లు చెప్పాను. సరదాకి అనుంటాడులే అన్నావు."

 దుకాణం నేను మూయలేదు. మధ్యాహ్నాలు ఆయన దగ్గర ఉండటానికి ఒక ఆయాని పెట్టాను, ఆదివారాలు ఆడపడుచు వంతు. గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. వేళకు మందులిస్తాను, అన్నం పెడతాను. ఇప్పుడు అనే మాటలు దెబ్బవే, వాటిని వదిలేస్తాను. అంతకుముందువి ఆయనవి. వాటిని వదలను.

ఆడపడుచు ఇప్పుడు ఆయన్ని చూసి వెళ్లిపోతుంది, నన్ను పలకరించదు. ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు మునుపూ లేరు, ఇప్పుడూ లేరు. తప్పు నాలో ఉందేమోనన్న అనుమానం మాత్రం పోయింది. పంతొమ్మిదేళ్లకు నాకు దక్కింది అదే.