తగ్గింది

ఏడో ఫోను పెట్టేసి ఆయన చేతులకు శానిటైజరు రాసుకున్నాడు. ఎత్తినప్పుడు ఒకసారి, పెట్టేసినప్పుడు ఒకసారి. వేళ్ల సందులు చిట్లిపోయి, రాసినప్పుడల్లా చురుక్కుమంటున్నాయి. అయినా మానడు. ఆసుపత్రిలో అందరూ ఆయనను ఫోను బాబాయ్ అంటారు. ఇరవై ఆరేళ్లు చీటీల కిటికీ వెనక కూర్చుని పేరు, వయసు రాసుకున్న మనిషి. మహమ్మారి వచ్చి జనాన్ని గేటు బయటే ఆపేశాక, రోగుల కబుర్లు ఇళ్లకు చెప్పే పని ఆయన నెత్తిన పడింది. మెత్తగా మాట్లాడతాడని పెద్ద డాక్టరు మెచ్చుకుని మరీ అప్పజెప్పాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

మెట్ల కింది గదిలో ఒక బల్ల, ఒక ఫోను, పొద్దున్నే వార్డు నుంచి వచ్చే కాగితం. రోజుకు నలభై ఇళ్లతో మాట్లాడే నోరు ఇంటికెళ్లేసరికి మూతపడుతుంది. భార్య పళ్లెం గడప మీద పెట్టి వెనక్కి జరుగుతుంది. "ఏమైందో చెప్పండి, అన్నీ కడుపులో పెట్టుకుంటే ఎలా?" అంటుంది. "ఏం లేదులే" అంటాడు. కన్ను మూస్తే చెవిలో ఫోను మోగుతుంది. ఆయన భయం జబ్బుకు కాదు, తన నోటికి. ఏ ఇంట్లో ఏ మాట పడేస్తాడో అని.

ఎనిమిదోది పన్నెండో మంచం. గడియారాలు బాగుచేసే ముసలాయన. తెల్లారినప్పటి నుంచి ఊపిరి అందడం లేదు.

"ఇంటివాళ్లని తొందరగా రమ్మను బాబాయ్. అద్దంలోంచి చూపిద్దాం. మధ్యాహ్నం దాటదు" అంది సిస్టర్.

అవతల ముసలాయన భార్య ఎత్తింది. లైనంతా గరగర.

"ఎలా ఉంది బాబూ ఆయనకి?"

"ఆక్సిజన్ బాగా తగ్గిందమ్మా, మీరు వెంటనే..."

"బాగా తగ్గిందా! ఒసేయ్ కోడలా, మావయ్యకి బాగా తగ్గిందట! నీ నోట్లో పంచదార పొయ్య బాబూ!"

ఫోను పెట్టేసింది.

ఆయన మళ్లీ చేశాడు. లైను ఖాళీ లేదు. మళ్లీ చేశాడు. ఖాళీ లేదు. చల్లని కబురు చుట్టాలందరికీ చేరవేస్తున్నట్టుంది. పదిసార్లు, పదిహేనుసార్లు. పదకొండయింది. తన మాట నమ్మి ఆవిడ ఇంట్లోనే సంబరపడుతూ కూర్చుంటే, పైన మనిషి వెళ్లిపోతే? ఆయన మిగతా ఇళ్ల కాగితం పక్కకు నెట్టి మళ్లీ నంబరు నొక్కాడు. ఈసారి మోగింది, మోగి మోగి ఆగిపోయింది. ఎవరూ ఎత్తలేదు.

పన్నెండుకు ఇంకా పావుగంట ఉందనగా గేటు దగ్గరి కాపలాదారు ఫోను చేశాడు. "బాబాయ్, ఎవరో పెద్దావిడ. మా ఆయన్ని ఇంటికి తీసుకుపోతానంటోంది."

ఆయన పరుగెత్తాడు. ఆ మోకాళ్లు పరుగెత్తి ఎన్నేళ్లయిందో.

ఆవిడ గుడ్డసంచి పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. మాస్కు గడ్డం కిందికి జారింది. నవ్వుతోంది.

"తగ్గింది జబ్బు కాదమ్మా" అన్నాడు ఆయన. "ఊపిరి. నేను సరిగ్గా చెప్పలేదు. తప్పు నాది."

ఆవిడ నవ్వు వెంటనే పోలేదు. పెదాలకు కబురు ఇంకా అందనట్టు కాసేపు అలాగే ఉంది.

"ఉన్నారా?"

"ఉన్నారు. రండి."

మూడో అంతస్తులో ఆవిడ అద్దానికి అరచెయ్యి ఆనించింది. "ఏవండీ, నేనే" అంది, లోపలికి వినపడదని తెలిసినా. ఫోను బాబాయ్ గోడవైపు తిరిగి, ఇన్ని నెలల్లో మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చాడు. కాసేపటికి సిస్టర్ లోపలి తెర లాగింది.

కిందికి వచ్చాక ఆవిడ ఆయన గదిలో బల్ల ముందు కూలబడింది.

"అందరికీ చెప్పేశాను బాబూ, తగ్గిందని. ఇప్పుడు మళ్లీ అందరికీ నేనే చెప్పాలా?"

"నంబర్లు ఇవ్వండమ్మా. నేను చెబుతాను."

పదకొండు ఇళ్లు. ప్రతి ఇంట్లో సంతోషంగానే ఎత్తారు. ఆయన మెత్తగా చెప్పలేదు. "పోయారు" అని ఒక్కటే మాట, అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. ఆవిడ పక్కన కూర్చుని ప్రతిసారీ విన్నది. తర్వాత కొడుకూ కోడలూ వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయారు.

సంచి కుర్చీలోనే ఉండిపోయింది. లోపల ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, పైబొత్తం అప్పుడే కుట్టింది, తొందరలో తెల్లదారం దొరకలేదేమో, నీలం దారంతో.