మూడు రోజుల పాత మోతాదు

ఆసుపత్రి నెట్‌వర్క్ చూసే ఆమెకు గురువారం పొద్దున్నే పిల్లల వార్డు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడి నర్సు, ఆమెకు స్వయానా వదిన.

"మందుల మోతాదు పేజీ సోమవారమే మార్చామన్నారు కదే? ఇక్కడింకా పాతదే వస్తోంది. నాలుగేళ్ల పిల్లకి సిరంజిలోకి మందు తీసేశాను కూడా. డాక్టరమ్మ చూసి చెయ్యి పట్టుకుని ఆపింది. రెట్టింపు డోసు!"

ఆమె పరుగున కింది అంతస్తులోని వెబ్‌సైటు విభాగానికి దిగింది.

"నా దగ్గర బానే ఉందండీ" అన్నాడు వెబ్‌సైటు చూసే అతను. నిజమే, అతని తెర మీద కొత్త పేజీయే ఉంది. కానీ అతని కంప్యూటరు నేరుగా సర్వరుకు వెళ్తుంది. వార్డులన్నీ ప్రాక్సీ గుండా వెళ్తాయి. అది ఒకసారి తెచ్చిన పేజీని దాచుకుని, అడిగిన వాళ్లందరికీ చూపించే మధ్యవర్తి. ఆమె పిల్లల వార్డుకు వెళ్లి అక్కడ పేజీ తెరిచి, దాని వెంట వచ్చిన వివరాలు చూసింది. దాచి మూడు రోజులు దాటింది. సర్వరు మాత్రం ప్రతిసారీ తనను అడిగాకే చూపించమంటోంది.

మరి ప్రాక్సీ ఎందుకు వినలేదు? సెట్టింగులు తెరిచింది. సర్వరు మాట పట్టించుకోకుండా ప్రతి పేజీనీ వారం పాటు దాచమని ఒక నియమం. రాసింది ఆమె పై అధికారి, అందరూ గ్రాఫు సారు అని పిలిచే మనిషి. పోయిన నెల పేజీలు తెరుచుకునే వేగం రెట్టింపయిందని ఆయన గీత చూపిస్తే ఆమె కూడా చప్పట్లు కొట్టింది. ఆయన గదికి వెళ్లి జరిగింది చెప్పింది.

"దాచిందంతా ఖాళీ చేసెయ్యమ్మా, సరిపోతుంది" అన్నాడాయన, పెన్ను మూత చెవిలో తిప్పుకుంటూ. "ఆ నియమం జోలికి పోకు. నివేదికలో ఏదో టెక్నికల్ లోపమని రాసేద్దాం."

"పిల్ల ప్రాణం పోయేది సార్."

"పోలేదుగా?"

మూత బయటికి తీసి, దాని కొన చూసుకుని, చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఛీ" అంది ఆమె, ఆయన మొహం మీదే.

నియమం తీసేసింది. పాత పేజీలన్నీ తుడిచేసింది. వార్డు వార్డుకూ తిరిగి కొత్త మోతాదు కనిపిస్తోందో లేదో కళ్లారా చూసుకుంది. నివేదికలో ఆయన పేరు రాసింది. ఆ వేగం ఎలా వచ్చిందని తనతో సహా ఎవరూ అడగలేదనీ రాసింది.

వారం తిరిగేసరికి గ్రాఫు సారును శిక్షణ విభాగానికి మార్చారు. కొత్తగా చేరేవాళ్లకు పాఠాలు చెప్పాలట. భోజనాల దగ్గర ఆ సంగతి విని వదిన చెయ్యి ఆగిపోయింది.

"వాడా? ఏం నేర్పిస్తాడే, తప్పు ఎలా కప్పెట్టాలనా?"

ఆమె సగంలోనే లేచింది. కంచం తీసి సింకులో పడేసి, చేతులు రెండుసార్లు కడుక్కుంది.